పాతది కోయొద్దు, కొత్తది కుడదాం
(తీజ్ పండుగకు ముందు వరంగల్‌లో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నర్సంపేట, నెక్కొండ, పర్వతగిరి, రాయపర్తి, మహబూబాబాద్ వైపు తాండాల నుంచి పొద్దున్నే బస్సులెక్కి వచ్చారు. కొందరు హనుమకొండ హాస్టళ్ల నుంచి వచ్చారు. ఆదివారం పూట ఇంత మంది రావడమే మాకు సంతోషం.

మాకు అప్పగించిన అంశం చూడటానికి చిన్నది. పండుగకు ఇంటిని గుడ్డ ముక్కలతో, సూదీ దారంతో, ఇంట్లో దొరికే వస్తువులతో ఎలా అలంకరించుకోవాలి? అంతే. దాన్ని అంగుళాల లెక్కతో సహా చెబుతాం. కానీ ముందు ఒక మాట అడగాలి. మీ ఇంట్లో పెట్టె అడుగున అమ్మమ్మదో, నానమ్మదో ఫేట్యా, కాంచళి, టుక్రి ఇంకా ఉన్నాయా? ఉన్నాయన్నవాళ్లు చెయ్యెత్తండి. అందులో ఒక్క కుట్టు పేరైనా తెలిసినవాళ్లు ఎత్తిన చెయ్యి దించకుండా ఉంచండి.

చూశారా, ఎన్ని చేతులు దిగిపోయాయో! ఈ రోజు మన మాటంతా ఆ దిగిపోయిన చేతుల గురించే.

మనది బండి మీద, ఎద్దుల వెంట నడిచిన జాతి. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఊరూరా తిరిగినవాళ్లం. మొగలుల సైన్యాలకూ దక్కన్‌లో నడిచిన సైన్యాలకూ గింజలు మోసిన బిడారులు మనవే. పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్లు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. అప్పుడు తాండాలు ఒక్కోచోట నిలబడ్డాయి. నడిచే జాతికి గోడలుండవు కదా, మరి అలంకారం ఎక్కడ పెడతారు? గుడ్డ మీద పెట్టారు. ఒంటి మీది బట్టకు, ఎద్దు నొసటికి, వీపుకు, కుండ కింది ఇండోణికి, డబ్బులు దాచుకునే కోత్లికి అద్దాలు, గవ్వలు కుట్టారు. పొద్దున లేచి మడిచి బండిలో వేస్తే ఇల్లంతా వెంట వచ్చేది.

ఇంకో సంగతి గమనించండి. ఆ గుడ్డల్లో తానుకు తాను కొత్త బట్ట వాడింది తక్కువ. చిరిగిన బట్టలో బాగున్న భాగం కోసి, దాన్ని ఇంకోదానికి అతికి, రెండు మూడు పొరలు వేసి, పైనుంచి దట్టంగా కుట్టేవాళ్లు. పొరలు ఉంటే గట్టిదనం, కుట్టు దట్టంగా ఉంటే ఇంకా గట్టిదనం. ఈ రోజు పట్నంలో పాత బట్టను మళ్లీ వాడటం గురించి క్లాసులు పెడుతున్నారు. మన ముసలమ్మలకు అది రోజువారీ పని.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పండుగ వస్తే బజారు నుంచి ప్లాస్టిక్ తోరణం తెస్తున్నాం. పది రోజులకు దాని రంగు వెలిసిపోతుంది, ఆ తర్వాత వెళ్లి వాగులో తేలుతుంది. ఇంకోవైపు పాత బట్టలు కొనేవాళ్లు తాండాలోకి వచ్చి, ఒక స్టీలు గిన్నె ఇచ్చి యాభై ఏళ్ల ఫేట్యా పట్టుకుపోతున్నారు. దాన్ని ముక్కలు కోసి దిండు గలీబుల మీద, చేతి సంచుల మీద అతికి పెద్ద పట్నాల్లో అమ్ముతారు. నెలల తరబడి ఒక మనిషి కళ్లు పోగొట్టుకుని కుట్టిన గుడ్డ పది సంచులైపోతుంది. మనలో కొందరం కూడా కాలేజీ ఫంక్షన్‌కు స్టేజీ కట్టాలంటే నానమ్మ టుక్రిని మేకులు కొట్టి గోడకు దిగ్గొడుతున్నాం. ఇది సంస్కృతిని చూపించడం అవుతుందా, చింపడం అవుతుందా మీరే ఆలోచించండి.

అందుకే మా మాట ఒక్కటే: పాతది కోయొద్దు, కొత్తది కుడదాం. పాత బట్ట మనకు పలక. దాన్ని చూసి నేర్చుకోవాలి. కత్తెర పెట్టాల్సింది మాత్రం టైలర్ దగ్గర మిగిలిన ముక్కలకే.

ముక్కలకు మన వరంగల్‌లో కొదవ లేదు. 1934లో ఆజంజాహీ మిల్లు పెట్టిన ఊరు ఇది. మిల్లు మూతపడినా బట్ట పని ఊరిని వదిలిపోలేదు. కొత్తవాడలో ఇప్పటికీ జంపఖానాలు నేస్తారు, వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీ మండల కేంద్రంలో బ్లౌజులు కుట్టే అక్క దగ్గరికి సాయంత్రం ఒక ఖాళీ సంచి తీసుకుని వెళ్లండి. "అక్కా, కత్తిరించిన ముక్కలు ఊడ్చి పారేయకండి, మాకివ్వండి" అని అడగండి. వారం రోజుల్లో సంచి నిండుతుంది. మగ్గాల దగ్గర అడిగితే తెగిన నూలు పోగులు దొరుకుతాయి, అవి కుచ్చులకు బాగుంటాయి. కొనాల్సింది సూదులు, దారం, కాసిని గవ్వలు, అద్దాలు మాత్రమే.

సంచి ఇంటికొచ్చాక ముందు ముక్కలు ఏరుకోవాలి. నూలు ఒక కుప్ప, పాలిస్టర్ ఒక కుప్ప. తెలియకపోతే ఒక పోగు లాగి, పెద్దవాళ్ల ముందు, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని అగ్గిపుల్లతో అంటించి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి నల్లటి గట్టి పూసలా ముడుచుకుంటుంది. కుట్టుకు నూలే మంచిది. సూది సులువుగా దిగుతుంది, మడత నిలుస్తుంది. తర్వాత ఎర్ర ముక్కలను తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే వాటిని విడిగా నీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు ఉతికి ఆరేశాకే వాడండి. అప్పటికీ రంగు దిగుతుంటే ఆ ముక్క పక్కన పెట్టేయండి. ఎరుపు, నలుపు, ముదురు నీలం, పసుపు, ఆకుపచ్చ, తెలుపు ముక్కలు ఎదురుగా పరిచారంటే మన రంగులు వాటంతటవే కలుస్తాయి.

మొదటి వస్తువు గుమ్మం తోరణం. మన ఇళ్లలో గుమ్మం వెడల్పు దాదాపు మూడు అడుగులు, అంటే 36 అంగుళాలు. తీజ్ తొమ్మిది రోజుల పండుగ కాబట్టి తొమ్మిది జెండాల తోరణం కుడదాం. ఒక్కో జెండా నాలుగు అంగుళాల వెడల్పు, తొమ్మిది నాలుగులు 36. లెక్క సరిపోయింది.

ఒక అట్టముక్క మీద నాలుగున్నర అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు గీసి, కింది భాగం మొనదేలేలా కోసి అచ్చు చేసుకోండి. ఆ అచ్చు పెట్టి ఒక్కో జెండాకు ముందు ముక్క, వెనక ముక్క, లైనింగుకు పాత మెత్తటి నూలు గుడ్డ కోయండి. చిన్న ముక్కలు ఉంటే రెండు మూడు అతికి కూడా ముందు ముక్క చేసుకోవచ్చు, అతుకులే దానికి అందం. ఎంబ్రాయిడరీ ఏదైనా వేయాలంటే ఇప్పుడే, ముందు ముక్కను లైనింగు మీద పెట్టి వేసేయాలి. జెండా మూసేశాక వేస్తే వెనక్కి ముడులు కనిపిస్తాయి. తర్వాత ముందు ముక్క, వెనక ముక్క మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, పావు అంగుళం లోపలికి కుట్టండి. పై అంచు మాత్రం వదిలేయండి. ఆ నోట్లోంచి తిరగేసి, మొనను పెన్సిల్‌తో మెల్లగా బయటికి నెట్టి, ఇస్త్రీ చేయండి.

పై పట్టీకి 38 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు గుడ్డ కావాలి. అంత పొడవు ముక్క దొరక్కపోతే అతకండి. రెండు చివర్లు ఒక్కో అంగుళం లోపలికి మడవండి, 36 మిగులుతుంది. పొడవు అంచులు రెండూ అర అంగుళం చొప్పున లోపలికి మడిచి, పట్టీని సగానికి మడిస్తే రెండు అంగుళాల పట్టీ తయారు. ఆ మడతలోకి తొమ్మిది జెండాల పై అంచులను అర అంగుళం దూర్చి, టాకాలు వేసి, ఒకే వరుసలో కుట్టేయండి. మిషను ఉంటే పావుగంట, చేతి కుట్టయితే ఒక సాయంత్రం. రెండు చివర్లకు, మధ్యకు మూడు నాడాలు కుట్టి కట్టుకోండి. పండుగ అయ్యాక విప్పి మడిచి దాచుకుంటే మళ్లీ సేవాలాల్ జయంతికి ఫిబ్రవరి 15న అదే తోరణం గుమ్మానికి ఎక్కుతుంది.

ఇప్పుడు అద్దం. చాలామంది ఇక్కడే భయపడతారు. కానీ ఇందులో ఉన్నది రెండే పనులు: చట్రం వేయడం, చట్రం చుట్టూ కుట్టడం. అద్దాన్ని గుడ్డ మీద పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకోండి. అద్దం మీదుగా రెండు అడ్డపోగులు, రెండు నిలువుపోగులు వేస్తే మధ్యలో ఒక చదరం వస్తుంది. నిలువు పోగు అడ్డపోగును దాటే ప్రతిచోటా ఒకసారి మెలివేయాలి, అప్పుడు జారదు. దాని మీద ఏటవాలుగా ఇంకో చదరం వేస్తే పట్టు గట్టిపడుతుంది. పోగులు బిగుతుగా ఉండాలి. ఆ తర్వాత రంగు దారంతో సూదిని చట్రం కిందనుంచి తీసి, అద్దం అంచు పక్కనే గుడ్డలో చిన్న టాకా వేసి, దారం సూది కింద ఉండేలా లాగండి. కాజా కుట్టు లాంటిదే. ఒకటి చట్రంలో, ఒకటి గుడ్డలో, మళ్లీ చట్రంలో. గుండ్రంగా తిరిగి వచ్చేసరికి చట్రం పోగులు అంచుకు జరిగి, మధ్యలో అద్దం పువ్వులా తేలుతుంది.

పగిలిన అద్దం ముక్కలు పిల్లల చేతికి ఇవ్వొద్దు. బజారులో అంచులు నున్నగా ఉన్న చిన్న అద్దాలు దొరుకుతాయి. అవీ లేకపోతే చిప్స్ ప్యాకెట్ లోపలి వెండి వైపును శుభ్రంగా తుడిచి, రూపాయి బిళ్లంత అట్ట మీద అతికించి వాడండి. కుట్టు నేర్చుకోవడానికి అది చాలు. కానీ దాన్ని ఉతకలేం, గుర్తుంచుకోండి.

రెండో వస్తువు కుచ్చులు. మూడు అంగుళాల అట్ట మీద నూలు దారం నలభై చుట్లు చుట్టండి. పైన ఒక పోగు దూర్చి గట్టిగా ముడివేసి, కింద కత్తెరతో కోయండి. పైనుంచి అర అంగుళం దిగువన ఇంకో పోగుతో మెడ చుట్టండి. ఒక్కో జెండా మొనకు ఒక కుచ్చు, దాని పైన ఒక గవ్వ. గవ్వకు వీపు వైపు కొట్టేసి తెరిచినదైతే సూది సులువుగా దూరుతుంది. ఒకప్పుడు ఈ దేశంలో చాలాచోట్ల గవ్వ అంటే డబ్బే. సముద్రం నుంచి వచ్చిన ఆ డబ్బును మన ఆడవాళ్లు బట్ట మీద కుట్టుకుని నడిచారు.

మూడోది ఇండోణి. తెలుగులో చుట్టకుదురు అంటారు. పాత చీర ముక్కను మెలితిప్పి, అరచేయంత చుట్ట చేసి, చివరలు కుట్టేయండి. అంగుళం వెడల్పు రంగు పట్టీలు కోసి చుట్టూ బిగించి చుట్టండి. అంచుకు గవ్వలు, గుండీలు కుట్టండి. తీజ్ బుట్టలకు నీళ్లు తెచ్చే చెంబు దీని మీద కూర్చుంటుంది. గోడకు తగిలిస్తే అదొక అలంకారం. మీ చెల్లికి పది నిమిషాల్లో చేయడం వస్తుంది.

గోధుమ మొలకల బుట్టకు కూడా ఒక అంచు పట్టీ కుట్టండి. బుట్ట చుట్టుకొలతకు రెండు అంగుళాలు ఎక్కువ పెట్టుకుని, చివరలకు నాడాలు కుట్టి కట్టండి. రోజూ నీళ్లు పోస్తాం కాబట్టి పట్టీని బుట్ట పై అంచుకే కట్టాలి, కింద కడితే తడిసి బూజు పడుతుంది. తొమ్మిదో రోజు మొలకలను వాగుకు తీసుకెళ్లే ముందు పట్టీ విప్పేయండి. నీళ్లలోకి మట్టి, మొలకలు పోవాలి. గుడ్డ, అద్దం, ప్లాస్టిక్ పోకూడదు.

ఒక జాగ్రత్త. దీపావళికి మేరా అంటూ ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు కదా, ఆ రోజు గుడ్డ తోరణాన్ని దీపం అందనంత ఎత్తులో కట్టండి. ముఖ్యంగా పాలిస్టర్ అంటుకుంటే కరిగి చుక్కలు చుక్కలుగా మీద పడుతుంది.

తమ్ముళ్లలో కొందరు నవ్వుకుంటున్నారు, ఇది ఆడవాళ్ల పని కదా అని. హనుమకొండలో మీ ప్యాంటు కుట్టేది ఎవరు? చాలా షాపుల్లో మిషను మీద కూర్చున్నది అన్నలే. సూదికి ఆడా మగా తేడా తెలియదు. అచ్చు గీయడం, కోయడం, లెక్క వేయడం, ఫొటోలు తీయడం మీరు చేయండి. కుట్టు కూడా నేర్చుకోండి.

ఇక అసలు పని. తోరణం మీద ఏ కుట్టు వేయాలి? యూట్యూబులో చూసి గులాబీ పువ్వు వేయొచ్చు, తప్పేమీ లేదు. కానీ తొమ్మిది జెండాల్లో ఒక్కదాని మీదైనా మీ ఇంటి పెద్దావిడ చేతి కుట్టు ఉండాలి. కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు వైపు మన అక్కలు కుట్టే పనిలో కుట్లకు పేర్లున్నాయి: కీలన్, వేలే, బక్యా, మాకీ, కాన్స్, తేరా దోరా, రేలో, గాద్రీ, భూరియా, పోటే, జోల్యా, నక్రా. మీ తాండాలో ఇవే పేర్లు ఉండొచ్చు, వేరే పేర్లు ఉండొచ్చు. అది మీ నానమ్మనే అడగాలి. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. పుస్తకంలో రాసి పెట్టలేదు కాబట్టి, ఆమె చెప్పకపోతే ఆ పేరు ఇంకెక్కడా దొరకదు.

సండూరు కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపీలో జి20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబానీ మహిళలు కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. తమిళనాడు ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో ఇంకో కథ. అక్కడి లంబాడీ తాండాల్లో కుట్టు దాదాపు పోయింది. తెలిసిన పెద్దవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే మిగిలారు. వాళ్ల దగ్గర కూర్చుని మిగతావాళ్లు నేర్చుకున్నారు, కలిసి సంఘం కట్టుకున్నారు. దానికి పోర్గై అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల లంబాడీలో ఆ మాటకు గర్వం అని అర్థం. ఒకరిద్దరు మిగిలినా చాలు, పక్కన కూర్చునేవాళ్లు ఉంటే విద్య తిరిగి వస్తుందని అక్కడ రుజువైంది. ఆ ఒకరిద్దరూ పోయాక మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

అందుకే ఈ శ్రావణంలో మీరు చేయాల్సిన నాలుగు పనులు చెబుతున్నాం, రాసుకోండి.

ఒకటి. ఇంట్లో ఉన్న పాత ఫేట్యా, కాంచళి బయటికి తీసి, శుభ్రమైన దుప్పటి మీద నీడలో పరచండి. ఎండలో వేయొద్దు, సర్ఫ్ నీళ్లలో ముంచొద్దు, మేకు కొట్టొద్దు. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

రెండు. ముందు వైపు, వెనక వైపు కూడా ఫొటో తీయండి. వెనక వైపు ఎందుకంటే, దారం ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది అన్నది అక్కడే తెలుస్తుంది. పక్కన ఒక స్కేలు పెట్టి తీయండి.

మూడు. నానమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు పెట్టి అడగండి. ఈ కుట్టు పేరేంటి? ఎవరు నేర్పారు? ఏ తాండాలో కుట్టావు? ఎన్ని రోజులు పట్టింది? ఆమె గోర్ బోలిలోనే చెప్పనివ్వండి. తర్వాత తెలుగు లిపిలో రాసుకోండి. సూది ఆమె చేతికిచ్చి, ఆ చేతిని కూడా వీడియో తీయండి. చూపు ఆనకపోతే సూదిలో దారం మీరెక్కించండి. వేళ్లకు గుర్తుంటుంది.

నాలుగు. ఆ బట్టను ఉతికిన పాత నూలు గుడ్డలో మడతలు పడకుండా చుట్టండి. ఎండిన వేపాకు ఆ గుడ్డకు బయట వేసి పెట్టెలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది. ఎవరైనా గిన్నె పట్టుకుని కొనడానికి వస్తే, "ఇది అమ్మేది కాదు" అని యాడీతో పాటు మీరూ చెప్పండి.

మరి అవసరానికి డబ్బు కావాలంటే? మంచి ప్రశ్న. నెలకు నాలుగు తోరణాలు కుట్టే చేయి ఉంటే కొత్తవి అమ్మండి. ధర చెప్పేటప్పుడు గుడ్డ ఉచితంగా వచ్చింది కదా అని తగ్గించకండి. ఎన్ని గంటలు కూర్చున్నారో రాసి పెట్టుకోండి, ఆ రోజు కూలీకి పోతే ఎంత వచ్చేదో లెక్క వేయండి, దారం ఖర్చు కలపండి. అంతకంటే తక్కువకు అమ్మితే నష్టం మీదే. పాత ఫేట్యా ఒకసారి అమ్మితే ఒక్కసారే డబ్బు వస్తుంది. దాన్ని చూసి నేర్చుకున్న కుట్టును బతికినంత కాలం అమ్ముకోవచ్చు, బిడ్డలకు ఇచ్చినా తరగదు.

హాస్టల్‌లో ఎవరైనా "మీ తాండావాళ్లు" అని వెక్కిరిస్తే చిన్నబుచ్చుకునే వయసు మీది, మాకు తెలుసు. ఆ మాటకు జవాబు గొంతుతోనే చెప్పనక్కర్లేదు. మీ గది తలుపుకు మీరు కుట్టిన తోరణం కట్టండి. ఎక్కడ కొన్నావని వాళ్లే అడుగుతారు. కొనలేదు, మా నానమ్మ నేర్పింది అని చెప్పండి. ఆ కుట్టు పేరు కూడా చెప్పండి.

ఇప్పుడు భోజనాలు. తర్వాత ఇదే హాల్లో చాపలు వేసి ఉన్నాయి, ముక్కల సంచులు ఉన్నాయి. మన యాడీలు ఆరుగురు ఆరు చాపల మీద కూర్చుంటారు. ఒక్కో చాప దగ్గర ఐదారుగురు కూర్చోండి. సాయంత్రం బస్సు ఎక్కేలోపు ప్రతి ఒక్కరి చేతిలో ఒక్క జెండా అయినా పూర్తి కావాలి. మిగిలిన ఎనిమిది ఇంటి దగ్గర.

జై సేవాలాల్!